మొదటి సెలవు

“పద్యం తరువాత, మామయ్యా. ముందు నుదురు ఇటు పెట్టండి,” అంది మేనేజరు. ఆమె నా మేనకోడలే.

ఊరంతా అంటుజ్వరం ముసిరిన వారమది. మా కుట్టు కర్మాగారం గేటు ముందు వరుస కట్టిన పనివాళ్లకు ధైర్యం నూరిపోయాలని నేను స్వయంగా ఒక సీసపద్యం అల్లుకొని వచ్చాను. ధీరోదాత్తుడినై గొంతెత్తాను గాని, రెండో పాదంలోనే దగ్గు మింగవలసి వచ్చింది.

జ్వరమాపకం నూటొకటి చూపింది.

“ఎండకు వేడెక్కి ఉంటుందమ్మా. నలభై ఏళ్లలో ఒక్కరోజైనా సెలవు పెట్టానా నేను?”

“రోజూ అందరికీ చెప్పేది ఆ మాటే కదా. కాజాలు కుట్టే అక్క నిన్న జ్వరం దాచుకొని వచ్చి మిషను మీదే పడిపోయింది. ఆసుపత్రిలో అడిగితే ఏమందో తెలుసా? అయ్యగారే మానరు, నేనెలా మానతానమ్మా అంది.”

వరుస వైపు చూశాను. ఒక్కరూ తల ఎత్తలేదు. నన్ను ఆదర్శంగా తీసుకోమని ఇన్నేళ్లూ పోరాను, పాపం, తీసుకున్నారు.

“నాకు నిన్నటినుంచే జ్వరం,” అన్నాను అందరికీ వినబడేలా. “మాత్ర మింగి వచ్చాను. తప్పు చేశాను. ఇంటికి పోతున్నాను.”

పది అడుగులు వేశానో లేదో, వెనుక దగ్గు వినబడింది. బొత్తాలు కుట్టే తాత సంచీ తగిలించుకొని వస్తున్నాడు.

“నాకూ నిన్నటినుంచేనండి.”

అతని వెనుక మరో ఐదుగురు.

“కాస్త ఎడంగా నడవండి,” అన్నాను.

యజమానిగా ఆ రోజు నేనిచ్చిన ఆజ్ఞ అదొక్కటే. అందరూ పాటించారు.