మినహాయింపు

“మీరు దీన్ని మా ప్లగ్గుల పెట్టెలోంచి పీకేసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టుకున్నారు. అలా కుదరదండీ,” అంది నిహారిక, వీధి తలుపు పక్కనున్న అడాప్టర్‌ని వేలితో తాకి చూస్తూ. అది వెచ్చగా ఉంది. “ఏ పనీ లేకపోయినా రోజంతా కరెంటు లాగుతూనే ఉంది చూడండి.”

రాజ్యలక్ష్మి గబగబా వచ్చి అడాప్టర్‌కి అడ్డంగా నిలబడింది.

“దాన్ని మాత్రం ముట్టుకోకమ్మా. అది అలారానిది.”

ఫిల్మ్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళు కరెంటు వృథాని ఆపాలని కొత్తగా నిబంధనలు పెట్టుకున్నారు. ప్రతి ఫ్లాట్‌లోనూ ఒక ప్లగ్గుల పెట్టె బిగించారు. పని చేయకుండా ఊరికే ప్లగ్గులో ఉన్న వస్తువు ఏదైనా సరే, కాసేపటికి దానికి కరెంటు ఆపేస్తుందా పెట్టె. సెక్యూరిటీ అలారాలకు మాత్రం మినహాయింపు ఉంది. మోగే క్షణం దాకా అవి ఖాళీగా ఉన్నట్టే కనబడతాయి కదా! ఏ ఇంట్లో దేనికి మినహాయింపు ఇవ్వాలో తేల్చడానికి వచ్చిన ఎనర్జీ ఆడిటర్ నిహారిక.

“సెక్యూరిటీ అలారం అంటే బయటివాళ్ళు తలుపు తెరవబోతే మోగాలండీ. మీది లోపలివాళ్ళు గడియ తీస్తే మోగుతోంది. దీన్ని సెక్యూరిటీ అలారమని ఎలా రాయను?”

ఆమె వెంట వచ్చిన అసోసియేషన్ సెక్రటరీ కమలాకర్ విసుగ్గా వాచీ చూసుకున్నాడు. “కాదనే రాసెయ్యండి మేడం. గీ ఒక్క ఇంటికి వదిలేస్తే రేపు అందరు నాక్కూడ గావాలె అంటరు. పై ఫ్లాటాయన చేపల తొట్టికి గావాలని నిన్ననే లొల్లి పెట్టిండు.”

రాజ్యలక్ష్మి లోపలి గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇది దొంగల కోసం కాదమ్మా. మావారి కోసం.”

“అంటే?”

“ఆయన సినిమాల్లో వేషాలు వేసేవారు. జడ్జీలు, డాక్టర్లు, హీరోయిన్ తండ్రులు... అలాంటివి. ఇప్పుడు మతిమరుపు పట్టుకుంది. షూటింగ్ ఉందంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోతారు. ఈ గంట మోగితే పరుగెత్తుకొచ్చి ఆపుకుంటున్నాం. పోయిన వారం మీ పెట్టె దీనికి కరెంటు ఆపేసింది. గంట మోగలేదు. చివరికి ఎక్కడ కనబడ్డారనుకున్నావు? టోలిచౌకిలో. రోడ్డుకి నట్టనడుమ. ఆ బస్సులు, ఆ హారన్లు...”

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అంతలో వేంకటరమణ గదిలోంచి వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు మాత్రం ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకున్నాడు.

“రాజ్యం, కంపెనీ కారు వచ్చిందా? షాట్‌కి టైమవుతోంది.”

“ఇంకా రాలేదండీ. రాగానే నేను పిలుస్తాగా, కూర్చోండి,” అంటూ ఆమె ఆ గుండీలన్నీ విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టింది. ఆయన వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు.

కమలాకర్ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు, వాచీ చూసుకున్నందుకు సిగ్గుపడ్డట్టు. “జర ముందే చెప్పొద్దా అమ్మా? నాకేం తెలుసు? మేడం, మీరే ఏదన్న రస్తా చూడండ్రి.”

నిహారిక తన ట్యాబ్‌లో నిబంధన తెరిచి మళ్ళీ మొదటి నుంచీ చదివింది. చదివి, నెమ్మదిగా తలెత్తింది.

“ఇంట్లోవాళ్ళ భద్రత కోసం పెట్టుకున్న అలారం అనే ఉందండీ ఇందులో. దొంగ అనే మాట ఎక్కడా లేదు. మనమే అలా అనుకున్నాం.”

‘మినహాయింపు’ అన్నచోట టిక్కు పెట్టి కమలాకర్‌కి చూపించింది. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, “నేను పక్క ఫ్లాట్ల చెప్తుంట, మీరు రాండ్రి,” అని బయటికి నడిచాడు.

“దీనికి ఒక బ్యాటరీ కూడా పెట్టించుకోండి. కరెంటు పోయినా గంట మోగుతుంది,” అంది నిహారిక.

రాజ్యలక్ష్మి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “నీ మేలు మరిచిపోనమ్మా. కాఫీ తాగకుండా వెళ్ళావో, ఊరుకోను గీతికా.”

తన పేరు పొరబడిందనుకుని నిహారిక నవ్వి ఊరుకుంది. రాజ్యలక్ష్మి వంటింట్లోకి వెళ్ళింది.

నిహారిక ట్యాబ్ సంచిలో పెట్టుకుంటూ ఉంటే, వేంకటరమణ లేచి దగ్గరికి వచ్చాడు. ఆమె కంగారుగా తలుపుకి అడ్డం వచ్చింది.

“కారు ఇంకా రాలేదండీ. కాసేపు కూర్చోండి.”

ఆయన వంటింటి వైపు చూశాడు. గిన్నెల చప్పుడు వినబడ్డాక నోరు విప్పాడు. ఇందాకటి తడబాటు ఆ గొంతులో ఎక్కడా లేదు.

“ఏ కారూ రాదమ్మా. సినిమాలు మానేసి ఎన్నేళ్ళో అయింది. నువ్వు చేసిన సాయానికి నమస్కారం చెబుదామని లేచాను.”

నిహారిక నివ్వెరపోయింది. “మీరు బాగానే ఉన్నారు కదండీ! మరి ఈ అలారం?”

“తలుపు తీసుకుని వెళ్ళిపోయేది రాజ్యమేనమ్మా,” అన్నాడాయన చేతులు జోడిస్తూ. “తెలిస్తే తట్టుకోలేదని, ఆ జబ్బు నాకని నమ్మించాను.”