సగం అక్షరాలు

జొల్దోష్ మాస్టారు, వాళ్ళ మాటలో అగై, తన ఫ్లాస్కు మూత తీసి, టీ ముందుగా బురుల్‌కి పోశాడు.

క్లాసులో ఇంకెవరూ పట్టించుకోలేదు. ఐపెరికి మాత్రం ఒళ్ళు మండింది.

నరీన్ జిల్లా మొత్తానికీ ఫస్టు వచ్చి రాజధాని బిష్కేక్‌లో సీటు తెచ్చుకున్న పిల్ల. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ మొదటి ఏడాది. మాస్టారి నోట ముందు తన పేరే రావాలని ఆమె ఆశ.

వచ్చేదేమో బురుల్ పేరు.

నలభై దాటిన మనిషి. తలకి పూల రుమాలు. రెండు వేళ్ళతో టైపు చేస్తుంది. అడిగిందే మళ్ళీ అడుగుతుంది.

"అగై, ప్రోగ్రాంలో ఈ వరుస ఎందుకు రాశామో ఇంకోసారి చెప్పరూ?"

ఆయన విసుక్కోడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాడు. మొదటినుంచీ చెబుతాడు.

అదే ఐపెరి తన ప్రోగ్రాంతో వెళ్ళి నిలబడితే, "బాగుందమ్మా. పరీక్షించి చూశావుగా? సరే, వెళ్ళు" అంటాడు. అంతే.

"ఆవిడంటే ఎందుకే అంత ఇది? చుట్టమా?" అంది ఐపెరి, పక్కనున్న జీబెక్‌తో.

"ఏమో! హాజరులో ఆవిడ పేరు పిలవరు, గమనించావా?"

అప్పటిదాకా గమనించలేదు. మర్నాడు చెవులు రిక్కించి విన్నది. నిజమే.

నేరుగా డీన్ ఆఫీసుకి వెళ్ళింది.

"పేర్లలో లేని మనిషి మా క్లాసులో కూర్చుంటోందండీ. మా టైమంతా ఆవిడకే పోతోంది."

ఆ వారంలోనే గేటు దగ్గర గుర్తింపు కార్డులు అడగడం మొదలైంది.

బురుల్ బయట మంచులో నిలబడి ఉంది. ఐపెరిని చూడగానే మొహం విప్పారింది.

"మా తల్లే, సమయానికి వచ్చావు! నన్ను పోనివ్వడం లేదు. అగైకి ఒక్క మాట చెబుతావా? ఇక్కడే ఉంటాను."

"అలాగే ఎజే, చెబుతాను" అంది ఐపెరి, అక్కా అని పిలిచినట్టే.

ఐపెరి మెట్లెక్కి వెళ్ళి తన చోట కూర్చుంది.

అగై పాఠం మధ్యలో తలుపు వైపు చూశాడు. ఐపెరి తల వంచుకుని రాసుకుంటూ ఉండిపోయింది.

క్లాసయ్యాక కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

ఆమె మళ్ళీ రాలేదు.

"ఫోన్ చేశాను. 'నాకిది బుర్రకెక్కదులెండి, పిల్లలకి అడ్డం' అంది" అన్నాడు అగై ఒకరోజు, ఎవరో అడిగితే.

ఐపెరికి ప్రాణం లేచొచ్చింది. ఆ నెలంతా మెప్పు ఆమెదే.

చివరి క్లాసులో అగై తెరమీద పాత ప్రోగ్రాం ఒకటి పెట్టాడు.

"రాస్తే ఇలా రాయాలి. చదువుతుంటే మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది, చూడండి. చూపు పోయిన నాయనమ్మకి కబుర్లు చదివి వినిపించాలని ఎర్నిస్ అనే కుర్రాడు రాశాడు. వాడూ మీలాగే మొదటి ఏడాదే."

మీట నొక్కాడు. కంప్యూటరు ఒక వాక్యం చదివింది. మాట మాటకీ ఆగిపోయింది.

ఐపెరి ఊరుకోలేక చెయ్యెత్తింది.

"సగం అక్షరాలు పలకడమే లేదు. దీనికింత పొగడ్తా అగై?"

"పూర్తిచెయ్యకుండానే పోయాడమ్మా. కిందటి చలికాలం, కొండదారిలో మంచు విరిగిపడి."



"మరి... మీరు పూర్తిచెయ్యొచ్చుగా?" ఐపెరి గొంతు తగ్గింది.

"చేసిపెడతానన్నాను. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. కొడుకు రాసింది తనే చదువుకుని, మిగతా అక్షరాలు తనే పలికిస్తానంది."

అగై తెర ఆపేసి, ఫ్లాస్కు సంచిలో పెట్టుకున్నాడు.

"ఇంకొక్క నెల ఓపిక పట్టి వచ్చుంటే పలికించేసేదే, మన బురుల్ ఎజే."