థర్టీఫైవా, ఎయిటీఫైవా

"ఎయిటీఫైవ్ లెన్సే కావాలి," అన్నాడు చైతు మూడోసారి.

"దాంతో మన హాల్లో ఫోటో తీయాలంటే నువ్వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడాలి," అంది భార్య హరిణి. "థర్టీఫైవ్ తీసుకో. ఇంట్లోకీ బయటికీ పనికొస్తుంది."

"ఎయిటీఫైవ్‌లో ముఖం ఒక్కటే తేటగా వస్తుంది. వెనకున్నదంతా మసకైపోతుంది."

"ఎందుకు మసకవ్వాలి? ఎక్కడ తీశామో తెలియొద్దా?"

బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ లెన్సుల దుకాణం నడిపే దేవదానం నవ్వాడు. "జూమ్ లేని లెన్సు కొనేటప్పుడు ఈ కొట్లాట మామూలేనప్పా. నన్నడగొద్దండి, మీ పాత ఫోటోలను అడగండి. జూమ్‌లో ఏ నంబరు దగ్గర ఎక్కువసార్లు ఆగారో అదే మీ లెన్సు. కార్డు ఇట్లీయండి."

"కార్డులో ఏం లేవు," అన్నాడు చైతు. హరిణి అప్పటికే కెమెరాలోంచి తీసి ఇచ్చేసింది.

దేవదానం కంప్యూటర్లో చూశాడు. "నూట ఎనభైలో నూట యాభై థర్టీఫైవ్ దగ్గరే ఉండాయి. గెలిచింది మేడమే."

హరిణి తెర మీదికి వంగింది. అన్నీ ఎవరెవరో జంటలు. అగర చెరువు గట్టు. ఆ చోటు గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. కింద తేదీలు చూసింది. సోమవారం పదకొండు గంటలు. బుధవారం పన్నెండు. మళ్ళీ బుధవారం.

"ఆ టైములో నువ్వు ఆఫీసులో కదా ఉంటావు?"

చైతు కౌంటరు అద్దంలోకి చూస్తూ చెప్పాడు. "ఆఫీసు లేదు. ఏప్రిల్‌లోనే తీసేశారు. పెళ్ళి కుదిరిన జంటలకు ఫోటోలు తీస్తున్నా."

"ఐదు నెలలు. రోజూ ఇస్త్రీ చొక్కా, చేతిలో క్యారియర్, మీటింగుంది ఫోన్ చెయ్యొద్దని మెసేజ్‌లు." ఆమె గొంతు పెరగలేదు. "నాతోనా చైతూ? నేనెప్పుడైనా నీ దగ్గర ఒక్క మాట దాచానా?"

అతను కార్డు కోసం దేవదానం వైపు చెయ్యి చాపాడు.

గొడవ సర్దుదామని దేవదానం ఒక ఫోటో పెద్దది చేశాడు. "పోనీలేమ్మా. థర్టీఫైవ్ ఎంత బాగుండాదో చూడండి. వెనకాల బెంచీ మీద ఒక్కతే కూర్చుని డబ్బా విప్పుకుంటా ఉండే ఆమె, ఆమె మెడలో ఆఫీసు ట్యాగు, అన్నీ..." మధ్యలో ఆగి, తెర వంకా హరిణి వంకా మార్చి మార్చి చూశాడు.

హరిణి చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది.

"ఆఫీసు టైములో తీసిన ప్రతి ఫోటోలోనూ వెనక నువ్వే పడుతున్నావు," అన్నాడు చైతు మెల్లగా. "అందుకే ఎయిటీఫైవ్ అడిగాను."