భయం నేర్పడం

గోదావరిలో చేపలు అడుగంటాక నది జాతుల్ని తిరిగి అందులో వదిలేందుకు ఇళ్ళలోనే పెంచడం మొదలైంది. రాజమండ్రిలో ప్రతి ఫ్లాట్‌కీ ఒక గాజు తొట్టి, అందులో ఒక జాతి. లాస్య ఇంటికి వేలెడంత పరిగె చేపలు వచ్చాయి. నీళ్ళు మార్చడం, నాచు గీకడం కోడలు చార్వి పని. మేత వెయ్యడం లాస్యది. ఆమె వేలు ముంచితే చాలు, చేపలన్నీ వచ్చి మూగేవి.

"ఇంత మాలిమైతే వీటిని నదిలో వదలనివ్వరు అత్తయ్యా," అంది చార్వి. "కొంగ ముక్కు దించినా ఇలాగే ఎదురెళ్తాయి."

ఆనాటి నుంచి మేతను తొట్టికి బిగించిన యంత్రమే వేసేది. లాస్య అట్లకాడతో నీళ్ళు కలిచి చేపల్ని తరిమేది. మొదటి రోజు ఆమెకు అన్నం సయించలేదు.

చేపల్ని నదికి తీసుకెళ్ళడానికి వచ్చిన మత్స్యశాఖ అధికారి తొట్టిలో చెయ్యి పెట్టాడు. అన్నీ నాచులోకి పారిపోయాయి. ఒక్కటి మాత్రం ఆయన వేలిని పొడుస్తూ నిలబడింది.

"దీన్ని మీరే ఉంచుకోండమ్మా, కాలక్షేపంగా ఉంటుంది."

లాస్య తల అడ్డంగా ఊపింది. "గుంపులో తిరిగే చేపండీ. ఒక్కటే ఎలా బతుకుద్ది? వారం ఆగి రండి, అన్నిటితో కలిపి పంపిస్తా."

ఆ చేప అట్లకాడను ఆటనుకుని వెంటపడేది. చివరికి లాస్య దాన్ని చిన్న వలతో పట్టి, నీళ్ళ పైన కాసేపు అలాగే ఉంచింది. అది గిలగిల్లాడింది. చార్వి మొహం తిప్పుకుంది.

అధికారి మళ్ళీ వచ్చేసరికి అది రాయి వెనక నక్కి ఉంది. లాస్య చెయ్యి ముంచింది. అది కదల్లేదు.

"ఇంక పట్టుకెళ్ళండి," అని ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది.