రెండోదానికి కోరికల పట్టీ

"మొదటిదే ఇంక మొకం జూపలే. రెండోదానికి కోరికలా?" తహూరా టీ గ్లాసులు బల్ల మీద ఠపీమని పెట్టింది. "ఇయ్యాల తేల్చుండ్రి. పంపుతరా, పైసలు వాపస్ ఇస్తరా, రెండిట్ల ఒకటి చెప్పమనుండ్రి."

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె భర్త హస్నైన్ తల ఎత్తలేదు. సిద్దిపేటలో ఆయనది సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. రెండేళ్ల కింద విదేశం నుంచి అరచేతిలో పట్టే గేమ్‌ల కంప్యూటర్ ఒకటి ఆర్డర్ పెట్టాడు. దాన్ని తయారుచేసేది కంపెనీ కాదు, గేమ్‌ల పిచ్చి ఉన్న నలుగురైదుగురు మనుషులు. ఓపెన్ సోర్స్ అంటూ దాని లోపలి సర్క్యూట్ బొమ్మలు, ప్రోగ్రాములు అన్నీ అందరికీ బయటపెట్టేశారు. తెరిస్తే వారంటీ పోతుందని చీటీ అంటించిన ఫోన్లతోనే హస్నైన్ బతుకు గడిచిపోతోంది. 'విప్పి చూసుకో' అని చెప్పే యంత్రాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

ఎప్పుడు పంపుతారని అడిగితే వాళ్లు అందరికీ ఒకటే జవాబు పంపుతారు, 'రెండు నెలల్లో' అని. రెండేళ్లుగా అదే మాట. సిద్దిపేటలో దానికెవరూ ఆశ్చర్యపోలేదు. తెలంగాణ రాష్ట్రం కూడా రెండు నెలల్లోనే వస్తోంది మరి.

"భాభీ, ఉద్యమం అన్నంక ఓపిక ఉండాలె," అన్నాడు రాజశేఖర్, గ్లాసు అందుకుంటూ. ఎదురుగా ఉన్న దీక్షా శిబిరానికి ఆయన కన్వీనర్. టెంటు మీద 'నాలుగు వందల పన్నెండో రోజు' అని బోర్డు వేలాడుతోంది. నిరాహార దీక్షలో తన వంతు లేని రోజు ఆయన టీకి ఈ దుకాణంలోకే వస్తాడు. వంతు ఉన్న రోజు కూడా వస్తాడు, కాకపోతే షట్టర్ సగం దించమంటాడు. ఇవాళ షట్టర్ సగం దించి ఉంది.

"నేను గూడ గదే నెలల ఆర్డర్ పెట్టిన గద," అన్నాడాయన. "నాది వచ్చిందా? నేనేమన్న లొల్లి వెట్టిన్నా?"

"అదే నాకు సమజైతలేదన్నా. మీరు ఒక్కసారి గూడ అడగరు."

"త్యాగం భాభీ, త్యాగం," అని రాజశేఖర్ టీ ఊదుకున్నాడు.

రెండో వెర్షన్ ఎలా ఉండాలో కోరికలు రాసి పంపమని, ఇవాళే ఆఖరు రోజని తయారీదారులు మెయిల్ పెట్టారు. హస్నైన్ తనవి టైపు కొట్టాడు. తెలుగు అక్షరాలు ఉండాలి. వెనక మూతకు మామూలు స్క్రూలు ఉండాలి. సిద్దిపేటలో ఒక కరెంటు కోతకైనా బ్యాటరీ తట్టుకోవాలి.

ఫోన్ రిపేరుకు ఇచ్చి స్టూలు మీద కూర్చున్న చింతమడక పోచయ్య ఆ మాట విని ముందుకు జరిగాడు. "కరెంటు ఎప్పుడొస్తదో చెప్తదా బిడ్డా గది?"

"లేదు తాతా. గేమ్‌లు ఆడుకునేది."

"మరి కరెంటోళ్లు మాతోని ఆడేదేంది?"

"గది కూడ రాయి భాయ్," అన్నాడు రాజశేఖర్. "నావి గూడ రాసుకో. ఎడమ దిక్కు బటన్ ఆర్నెల్లకే లోపలికి దిగబడుతది, గట్టిది వెట్టమను. మూత కీలు లూజైతది. చప్పుడు బంద్ చేసే బటన్ వేరే ఉండాలె. ఎంత తగ్గించినా పక్క అర్రల పండుకున్నోళ్లు లేస్తున్నరు."

చేతికి రాని వస్తువు గురించి ఎంత ముందుచూపు! నాయకుడంటే ఇలా ఉండాలనుకుంటూ హస్నైన్ అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. చివర తహూరా వంగి, 'మా మొదటిది ఎక్కడ?' అని తనే ఒక లైను కలిపి పంపేసింది.

రెండేళ్లలో మొదటిసారి అరగంటలో జవాబు వచ్చింది. హస్నైన్ పైకి చదివి తెలుగులో చెప్పాడు. "సూచనలు చాలా బాగున్నయట. మన మొదటిది నిరుడు మార్చిలనే పంపిన్రట. ఢిల్లీ దాక వచ్చి వాపస్ పోయిందట. అట్లాంటి జిల్లా లేదు, అట్లాంటి రాష్ట్రం లేదు అని ముద్ర ఏసిన్రట. మనకు చెప్పుడు మర్చిపోయిన్రట, మాఫీ చేయమంటున్నరు. సరైన అడ్రస్ ఇస్తే రేపే పంపుతరట."

భార్యాభర్తలిద్దరూ రాజశేఖర్ వైపు చూశారు. ఆర్డర్ రోజు పక్కన కూర్చుని అడ్రస్ చెప్పింది ఆయనే. హస్నైన్ ఆంధ్రప్రదేశ్ అని కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకా ఏర్పడని సిద్దిపేట జిల్లా, తెలంగాణ రాష్ట్రం అని కొట్టించాడు. రాష్ట్రం వస్తే పిన్‌కోడ్ మారదా అని ఆ గడి ఖాళీగా వదిలేయించాడు.

రాజశేఖర్ తొణకలేదు. "ఢిల్లీ దాక పోయి వాపస్ వచ్చుడు మనకు కొత్తనా భాయ్? నాది గూడ గట్లనే పోయి ఉంటది. నేను గూడ గదే అడ్రస్ రాసిన గద. ఆత్మగౌరవం ముంగట ఆటవస్తువు ఎంత?"

హస్నైన్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్ అని ఒక్క మాట కొడితే వారం పది రోజుల్లో యంత్రం చేతిలో ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత పాత అడ్రస్‌నే మళ్లీ కొట్టాడు. "రాష్ట్రం వచ్చినంకనే రానీ," అన్నాడు.

"గిది మొగోని మాట! జై తెలంగాణ!" అని రాజశేఖర్ పిడికిలెత్తాడు. పోచయ్య కూడా ఎత్తాడు.

తహూరా మాత్రం పిడికిలెత్తలేదు. పంపిన కోరికల పట్టీని మొదటి నుంచి మళ్లీ చదువుతోంది.

"అన్నా," అంది నెమ్మదిగా, "మీది గూడ వాపసే పోతే, ఎడమ బటన్ ఆర్నెల్లకు దిగబడుతదని మీకెట్ల ఎరుకైంది?"