జర్మనీ ఎరుపు

ఎల్లారెడ్డి సంతలో బట్టలకు రంగులద్దే భూమలింగం ఆ వారమే జర్మనీ రంగు డబ్బా విప్పాడు. "కలరా ఉండల సరుకునే తేజాబుల, గదే యాసిడ్ల, ఉడకబెట్టి ఈ ఎరుపు దీస్తరు. మన చిరివేరు ఎరుపు దీని కాళ్ళు మొక్కాలె," అని వచ్చినవారందరికీ బోధించాడు.

కొత్త రంగుపై నిమ్మరసం పిండి చూడడం అక్కడి పద్ధతి. ఆడబిడ్డ పెళ్ళిచీర కోసం తాడ్వాయి నుండి వచ్చిన సాయవ్వ, పదిమంది ఎదుట అద్దిన చీర కొంగుపై పిండింది. ఎరుపు నీలమైపోయింది.

"ఏందన్న, నీ జర్మనీ దొర పులుపుకే మొఖం మాడ్చుకున్నడు?"

జనం నవ్వారు. ఇరవై ఏళ్ళ పేరు పోకూడదని భూమలింగం కొంగును పులుపుకు విరుగుడైన బూడిదనీళ్ళలో ముంచాడు. అది తిరిగి ఎర్రబడింది. సాయవ్వ చీర తీసుకుని వెళ్ళింది.

సంత పలచబడ్డాక ఆమె ఒంటరిగా వచ్చింది. చీర వాపసు చేస్తుందని అతడు భయపడ్డాడు.

"ఇదే రంగుల ఇంకోటి అద్దన్న. నాకు."

"మొగడు పోయినదానివి, ఎరుపెట్ల కడతవు చెల్లె?"

"అత్త ముంగట నీలమే కడత. పుట్టింటికి వోయిన్నాడు ఎరుపు కడత. నిమ్మచెట్టు పెరట్ల ఉన్నది, బూడిద పొయ్యిల ఉన్నది."