పట్టాల్లేని స్టేషన్

వెల్‌బరీ స్టేషనుకు చివరి మాస్టరు డోరీన్ వాళ్ల నాన్న. పట్టాలు పీకేసి అరవై ఏళ్లయింది. ఇప్పుడు ఆ వెయిటింగ్ రూములో డోరీన్ టీ దుకాణం నడుపుతోంది. ఆ సాయంత్రం తాళం వేయబోతుంటే, ప్లాట్‌ఫారం బెంచీ మీద తడిసిన కోటుతో ఒక ముసలాయన కనిపించాడు. వాన పడి వారమైంది.

"మూసేశాం పెద్దాయనా, ఇంటికెళ్లండి."

"బండి రానీ తల్లీ. ఆలస్యమని ఇప్పుడే చెప్పారు మాస్టరుగారు."

"ఏ మాస్టరు? ఇక్కడ గడ్డి తప్ప ఏముంది!" అని నవ్వబోయింది. లోపల అల్మరాలో కప్పులు గలగలమన్నాయి. కాళ్ల కింద నేల అదిరింది.

డోరీన్ లోపలికి దూరి గడియ పెట్టింది. చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తలుపు అవతలి నుంచి, ముప్పై ఏళ్ల కిందట పోయిన నాన్న గొంతు పిలిచింది.

"డోరీ, తలుపు తియ్యమ్మా. దిగినవాళ్లు చలికి వణుకుతున్నారు."

తియ్యకూడదనుకుంటూనే, ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్లింది.